పావురం కాపాడిన గుడి

బౌద్ధాలయం అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? అరమోడ్పు కన్నులతో కూర్చున్న బుద్ధుడు. నున్నగా గుండు చేయించుకుని కాషాయం కట్టుకున్న భిక్షువులు. వరసగా వెలిగించిన దీపాలు. సినిమాల్లో చూసిన బర్మా, జపాన్ గుళ్ళు. అవునా?

అవేవీ లేని బౌద్ధాలయం ఒకటుంది. అందులో బుద్ధుడు లేడు. భిక్షువు లేడు. పొద్దున్నే శివలింగానికి అభిషేకం చేస్తారు, విభూతి పెడతారు, మారేడు దళాలు వేస్తారు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ జనం బిలబిలలాడుతూ వస్తారు. అయినా సరే నేను దాన్ని బౌద్ధాలయమనే అంటున్నాను. "అదేం మాట, శుభమా అంటూ శివాలయాన్ని పట్టుకుని!" అని నొసలు చిట్లించకండి. చివరిదాకా వినండి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఆ ఊరు చేజర్ల. పల్నాడు జిల్లా నకరికల్లు మండలంలో ఉంది. నిన్న మొన్నటిదాకా అదీ గుంటూరు జిల్లానే. 2022లో జిల్లాలు విడగొట్టాక పల్నాటిలోకి వెళ్ళింది. స్వామి పేరు కపోతేశ్వరుడు. కపోతమంటే పావురం. శివుడికి నందీశ్వరుడితోనో నాగుపాముతోనో ముడిపెట్టిన పేర్లు విన్నాం గాని, పావురంతో ముడిపెట్టిన పేరు ఎక్కడైనా విన్నారా? ఆ పేరే నన్ను అంతదూరం లాక్కుపోయింది.

మాది దుగ్గిరాల. దుగ్గిరాల అంటే పసుపు. మాఘమాసం వచ్చిందంటే యార్డు దారిలో నడిచేవాళ్ళ చెప్పులు కూడా పచ్చబడిపోతాయి. చరిత్రకీ మాకూ ఏం సంబంధం అనుకోవడానికి వీల్లేదు సుమండీ. మాకు ఒకవైపు అమరావతి, ఇంకోవైపు భట్టిప్రోలు. రెండువేల ఏళ్ళ కిందట ఈ కృష్ణ ఒడ్డున ఎటు చూసినా స్తూపాలే. వాటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గతి పట్టింది. చేజర్ల గొప్పతనం తెలియాలంటే ముందు మా ఇరుగుపొరుగు స్తూపాల గతి ఏమయిందో తెలియాలి.

తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపం క్రీస్తుకి పూర్వం నాటిది. పందొమ్మిదో శతాబ్దంలో మన కాలువలూ రోడ్లూ వేసేటప్పుడు ఆ స్తూపం ఇటుకల్ని రోడ్డుకి వాడారు, పాలరాయిని కాలువ పనికి వాడారు. అంత కొల్లగొట్టాక కూడా 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్విస్తే, లోపల మూడు రాతి భరిణెలు బయటపడ్డాయి. ఒకదానిలో ఒకటి పెట్టిన పెట్టెలు, చిట్టచివర స్ఫటికపు బుడ్డి, దానిలో ధాతువు. చుట్టూ ముత్యాలు, పూసలు, బంగారు పూలు. భరిణెల మీద బ్రాహ్మీ లిపిలో అక్షరాలున్నాయి. బూలర్ అనే జర్మను పండితుడు వాటిని చదివాడు. కుబేరకుడనే రాజు పేరు, ఊరి గోష్ఠి పెద్దల పేర్లు కనిపించాయి. మన తెలుగు లిపి కథ చెప్పేవాళ్ళంతా ఆ అక్షరాల దగ్గర ఒకసారి ఆగవలసిందే.

కాని నా మనసు ఆగింది రాజు పేరు దగ్గర కాదు. ఆ నిధిలో ఆరు పలకల స్ఫటికం ఒకటి దొరికింది. దాని మీద సన్నగా చెక్కిన మాటల్లో ఇది నందపురం స్త్రీల కానుక అని ఉంది. సువణమాహలోని చిన్న భిక్షువులు కూడా వారితో చేయి కలిపారట. ఊహించండి! ఎవరి సొమ్ములో ఎన్ని కూడితే ఆ స్ఫటికం వచ్చిందో! ఒకావిడ గాజు తీసి ఇచ్చిందో, ఇంకొకావిడ వడ్లు అమ్మి తెచ్చిందో. రాజుతోపాటు సమానంగా, ఆ ధాతువు పక్కనే, నందపురం ఆడవాళ్ళు కూడా తమ మాట దాచుకున్నారు. రెండువేల ఏళ్ళకి పైగా దాగింది ఆ మాట.

ఇంతకీ ఆ స్తూపం దిబ్బని చుట్టుపక్కల జనం ఏమని పిలుస్తూ వచ్చారో తెలుసా? ఆ పేరు నేనిక్కడ రాయను. నలుగురూ చదివే పత్రిక ఇది. ఆడదాన్ని వెలయాలు అని తిట్టేటప్పుడు వాడే మాట ముందు పెట్టి, వెనక దిబ్బ అని చేర్చుకోండి. బోర్డు మీద మహాస్తూపమని ఉంటుంది, పెద్దవాళ్ళ నోట మాత్రం పాత పేరే. ఒక్క భట్టిప్రోలే కాదు, కృష్ణా జిల్లా ఘంటసాలలో స్తూపం దిబ్బకీ అదే పేరు. ఎందుకొచ్చింది ఆ పేరు? పండితులు తలా ఒక మాట చెబుతారు. నా ఊహ నాది. బౌద్ధంలో భిక్షుణులు ఉండేవారు. అమరావతి శాసనాల్లో దానాలు చేసిన భిక్షుణుల పేర్లు, గృహిణుల పేర్లు బోలెడు. మొగుడూ పిల్లలూ లేకుండా, జుట్టు తీయించుకుని, తలెత్తుకుని ఊరూరా తిరిగే ఆడవాళ్ళు వాళ్ళు. అలాంటి ఆడదానికి లోకం ఏ పేరు పెడుతుందో మనకి తెలియదూ? మతం పోయింది, మనుషులు పోయారు, తిట్టు మాత్రం మట్టిని అంటుకుని మిగిలిపోయింది.

అమరావతి సంగతి ఇంకోరకం. 1797లో కల్నల్ మెకంజీ మొదటిసారి వెళ్ళేనాటికి అదొక మట్టిదిబ్బ. జనం దాన్ని దీపాల దిన్నె అనేవారు. ఎంత చక్కటి పేరు! ఎవరు వెలిగించిన దీపాలో, ఎందుకు వెలిగించారో మరిచిపోయారు గాని దీపాన్ని మరిచిపోలేదు. ఆ తర్వాత చెక్కడపు రాళ్ళు చాలామటుకు మద్రాసుకీ లండనుకీ తరలిపోయాయి. అది వేరే కథ.

ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం ఉంది. లోపల రాతిస్తూపం. చుట్టుపక్కలవాళ్ళకి ఆ స్తూపం ధర్మలింగేశ్వరుడు. ధర్మం అనే బుద్ధుడి మాట అలాగే ఉంచి, చివర ఈశ్వరుణ్ణి చేర్చారు. కోడలు పిల్లకి పుట్టింటి పేరు ఉంచి, వెనక అత్తింటి పేరు తగిలించినట్టు!

ఇవన్నీ చూశాక చేజర్ల చూడకుండా ఉండడం నావల్ల కాలేదు. "ఆదివారం దాకా ఆగు, అందరం కారులో వెళదాం" అన్నారు మావారు. అందరం వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. పులిహోర ఎంత కలపాలి, మంచినీళ్ళు ఎన్ని సీసాలు, పిల్లవాడికి కడుపు తిప్పుతుందేమో, ఇదే గొడవ. గుడి దగ్గర పది నిమిషాలు నిలబడేసరికి "పదండి పదండి, చీకటి పడుతుంది" అంటారు. అంచేత ఒక మంగళవారం నాడు గుడ్డసంచీలో నీళ్ళసీసా, రెండు అరటిపళ్ళు, నోటుపుస్తకం పెట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను.

తెనాలి, గుంటూరు, నరసరావుపేట. అక్కణ్ణించి బస్సు, ఆ పైన ఆటో. మా వైపు పచ్చటి మాగాణి, అరటితోటలు, నిండు కాలువలు చూసిన కళ్ళకి పల్నాటి నేల మరో దేశంలా ఉంటుంది. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ మూడు శిఖరాలతో కనిపించింది. ఆ దారంతా కళ్ళాల్లో ఎండబెట్టిన మిరపకాయలు. ఎర్ర చీరలు ఆరేసినట్టు ఊళ్ళకి ఊళ్ళే ఎర్రగా! ఆటోలో ఉన్న నలుగురూ నావంకే చూశారు. ఎవరింటికి అని ఒకరడిగారు. ఎవరింటికీ కాదు, గుడి చూడ్డానికన్నాను. పెళ్ళయిందా అని ఇంకొకరు. నలభై దాటిన మనిషిని, మెడలో సూత్రాలు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా అడిగారు! ఒంటరిగా వచ్చిన ఆడదానికి ఏదో ఒక కారణం ఉండి తీరాలి గదా! భట్టిప్రోలు దిబ్బ పేరు మళ్ళీ ఒకసారి గుర్తొచ్చింది నాకు.

గుడి ఆవరణలోకి అడుగుపెట్టగానే ఎదురయ్యేవి చిన్నచిన్న గుళ్ళు, ఎక్కడ చూసినా లింగాలు. వాటి మధ్య అసలు గుడి. పెద్దదేమీ కాదు. ముందు మండపం తర్వాతివాళ్ళు కట్టింది. దాన్ని దాటి పక్కకి వచ్చి, ఆ గర్భాలయాన్ని వెనకనుంచి చూడాలి. అప్పుడు తెలుస్తుంది వింత.

మన గుళ్ళకి గర్భాలయం నలుచదరంగా ఉంటుంది గదా, పైన మెట్లుమెట్లుగా గోపురంలా శిఖరం. దీనికి అలా లేదు. ముందు వైపు గోడలు తిన్నగా వచ్చి వెనక గుండ్రంగా కలిసిపోయాయి. పైకప్పు గూడుబండి కప్పులాగా వంపు తిరిగి, వెనక్కి వెళ్ళి నున్నగా కిందికి దిగిపోయింది. పాతకాలంలో ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్ళే గూడుబండి చూసినవారికి ఆ ఆకారం ఇట్టే తెలుస్తుంది. శిల్పశాస్త్రంలో దీన్ని గజపృష్ఠం అంటారు. పడుకున్న ఏనుగుని వెనకనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ముందువైపు కప్పు చివర గుర్రపునాడా ఆకారంలో కమాను. అదంతా ఇటుకతో కట్టిందే.

కార్లే, భాజా గుహల బొమ్మలు పుస్తకాల్లో చూసే ఉంటారు. అవే వంపు కప్పులు, అవే కమానులు, వెనక అదే గుండ్రటి గోడ. బౌద్ధుల చైత్యగృహం అంటే అదే. ఎందుకలా గుండ్రంగా కట్టారంటే, మొదటిరోజుల్లో బౌద్ధులకి విగ్రహం లేదు. స్తూపమే దేవుడు, ప్రదక్షిణమే పూజ. స్తూపం గుండ్రం, దాని చుట్టూ తిరిగే దారీ గుండ్రమే. మూలలుంటే నడకకి అడ్డం. అంచేత గోడ కూడా నడిచే మనిషితోపాటు వంగింది. కొండల్లో తొలిచిన చైత్యాలు నిలిచాయి గాని, నేలమీద ఇటుకతో కట్టినవి కప్పుతో సహా నిలవడం బహు అరుదు. మహారాష్ట్రలో తేర్ అనే ఊళ్ళో ఒకటుంది. ఇప్పుడక్కడ త్రివిక్రముణ్ణి పూజిస్తున్నారు. రెండోది మన చేజర్ల. భారతీయ వాస్తు గురించి పెద్ద గ్రంథం రాసిన పెర్సీ బ్రౌన్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పాడు. తమాషా చూశారా! ఒకటి విష్ణువు చేతిలో, ఇంకొకటి శివుడి చేతిలో పడ్డాయి గనక నిలిచాయి. ఎవరి చేతిలోనూ పడనివి రోడ్డు కింద ఇటుకలయ్యాయి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. వెనక గోడ గుండ్రంగా ఉన్నంత మాత్రాన అది బౌద్ధులదే కానక్కరలేదని వాదించేవారున్నారు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలోనే పుష్పభద్రస్వామి గుడిని గజపృష్ఠంగా కట్టారు. ఆ రోజుల్లో అది అందరి వాస్తూను. ఇవాళ మనం కట్టుకునే డాబా ఇళ్ళకి మతమేముంటుంది? అలాగే. కనుక ఒక్క గోడ సాక్ష్యం చాలదు. కథ సాక్ష్యం కూడా కావాలి.

కథంటే శిబి చక్రవర్తి కథే. డేగ తరుముకొస్తే పావురం వచ్చి శిబి ఒళ్ళో పడింది. నా ఆహారం నాకివ్వమంది డేగ. పావురమెత్తు మాంసం నా ఒంట్లోంచి ఇస్తానన్నాడు రాజు. ఎంత కోసి వేసినా తక్కెడ మొగ్గలేదు. చివరికి తనే తక్కెడెక్కాడు. ఈ కథ మనకి మహాభారతంలోది. బౌద్ధులకి ఆ శిబి పూర్వజన్మలో బుద్ధుడే. పాళీ జాతక కథలో శిబి కళ్ళు దానం చేస్తాడు గాని, పావురం కథ కూడా బౌద్ధులు ఎంతో ఇష్టంగా చెప్పుకున్నదే. అజంతా మొదటి గుహలో దాన్ని రంగుల్లో వేశారు. మన నాగార్జునకొండ శిల్పులు రాతిలో చెక్కారు. అయిదో శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, ఆ సంఘటన జరిగిందని చెప్పే చోటు వాయవ్యాన స్వాత్ లోయలో చూశానని రాసుకున్నాడు. మనవాళ్ళు అంతదూరం పోనక్కరలేదన్నారు. అది మా చేజర్లలోనే జరిగిందన్నారు!

స్థలపురాణం ఇంకా విచిత్రంగా ఉంటుంది. శిబికి ఇద్దరు తమ్ముళ్ళట. మేఘాడంబరుడు, జీమూతవాహనుడు. మొదట మేఘాడంబరుడు ఇటు వచ్చి, ఈ కొండల్లో తపస్సు చేసి చనిపోయాడు. దహనం చేస్తే ఆ చోట లింగం మొలిచింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చిన జీమూతవాహనుడిదీ అదే కథ. ఇద్దర్నీ వెతుక్కుంటూ శిబి వచ్చాడు. రెండు లింగాలు చూసి ఇక్కడే యాగాలు మొదలుపెట్టాడు. అప్పుడు దేవతలు డేగగా, పావురంగా వచ్చి పరీక్షించారు. చివరికి తల లేని ఆ మొండెమే ఈ లింగమైంది.

జీమూతవాహనుడు! ఆ పేరు వినగానే నేను నోటుపుస్తకంలో రెండు గీతలు గీసుకున్నాను. బి.ఏ.లో సంస్కృతం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఏడో శతాబ్దంలో హర్షచక్రవర్తి రాసిన నాగానంద నాటకంలో నాయకుడితను. పాముని కాపాడడానికి గరుత్మంతుడికి తన ఒళ్ళు అప్పగించినవాడు. ఆ నాటకం బుద్ధుడి స్తుతితో మొదలవుతుంది. చివర గౌరీదేవి వచ్చి నాయకుణ్ణి బతికిస్తుంది. అటు పావురానికి ఒళ్ళిచ్చినవాడు, ఇటు పాముకి ఒళ్ళిచ్చినవాడు. వాళ్ళిద్దర్నీ పల్నాటి పల్లెటూరు అన్నదమ్ముల్ని చేసింది. పరమ శైవమైన ఊరికి ఈ ఇద్దరు బోధిసత్త్వులు ఎక్కణ్ణించి దొరికారు? గోడ ఒక్కటే అయితే కాకతాళీయం అనొచ్చు. గోడా, పావురమూ, జీమూతవాహనుడూ మూడూ ఒకచోట చేరితే కాకతాళీయం అనడానికి నాకు నోరు రాదు.

గర్భాలయంలోకి తొంగి చూస్తే, లింగం మనం మామూలుగా చూసే నున్నటి లింగంలా ఉండదు. మొండెంలాగానే ఉంటుంది. దాని మీద గుంటలున్నాయి. శిబి చేతులు తెగిన చోట్లవి అంటారు. నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. నా పక్కన ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. మిరపకాయ కోతకి పోతూ దారిలో ఆగినట్టుంది. కొంగు నడుముకి బిగించి ఉంది.

"యాణ్ణించమ్మా? ఒక్కదానివే వచ్చావా?"

"దుగ్గిరాల. ఒక్కదాన్నే" అన్నాను, తర్వాతి ప్రశ్న ఏమొస్తుందో తెలిసి.

"పోన్లే, సామి ఉండాడుగా" అంది. అంతే. పెళ్ళీ పేరంటం ఏమీ అడగలేదు. కాసేపాగి తనే చెప్పింది: "అది రాయి కాదమ్మా. రాజు ఒళ్ళు. నా మోకాళ్ళు సలుపుతుంటే ఆయనకే చెప్పుకుంటా. ఒళ్ళు కోసిచ్చినోడికి ఒళ్ళు నొప్పి తెలవదా?"

నాకు ఒళ్ళు జలదరించింది. శివలింగం మామూలుగా పరమశివుడి రూపం. ఎవరో చనిపోయిన మహానుభావుడి శరీరం అనుకోము. శరీరం మిగిలిన చోటు, దహనం చేసిన చోటు పవిత్రమై, అక్కడ పూజ జరగడం మన శివాలయాల్లో మామూలు పద్ధతి కాదు, స్తూపం పద్ధతి. భట్టిప్రోలు భరిణెల్లో దాచింది ధాతువునే కదా! బుద్ధుడి పేరు ఒక్కసారైనా విన్నదో లేదో ఆ ముసలమ్మ. కాని రెండువేల ఏళ్ళ కిందటి ఉపాసిక స్తూపం ముందు నిలబడి ఏమనుకునేదో, సరిగ్గా అదే అనుకుంటోంది. శాసనాల్లో రాయని సాక్ష్యం ఇది.

మరి ఈ మార్పు ఎలా జరిగి ఉంటుంది? కత్తులతో వచ్చి స్తూపాన్ని పగలగొట్టి లింగాన్ని పెట్టారా? అలా జరిగిన చోట్లు ఉండవని నేననను. చేజర్లలో మాత్రం అలా జరిగిందనిపించదు. ఈ గుడిలో ఆనందగోత్రపు కందరరాజు దౌహిత్రుడి శాసనం ఉంది. ఆ కందరుడు త్రికూట పర్వతానికి అధిపతి అని అందులో చెప్పారు. త్రికూటమంటే మన కోటప్పకొండే అని కొందరు చరిత్రకారుల మాట. నాలుగు, అయిదు శతాబ్దాల్లో గుంటూరు సీమని ఏలిన ఆ ఆనందగోత్రీకుల్లో దామోదరవర్మ తనని సమ్యక్సంబుద్ధుడి పాదభక్తుడిగా మట్టెపాడు రాగిరేకుల్లో చెప్పుకున్నాడు. అదే వంశంలో అత్తివర్మ శివభక్తుడు. ఆ సంగతి గోరంట్ల రాగిరేకుల్లో ఉంది. ఒకే గోత్రం, ఒకే సింహాసనం, ఇద్దరు దేవుళ్ళు!

అంతకుముందు ఇక్ష్వాకుల ఇంట్లో అయితే ఇంకా ముచ్చట. చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు, మహాసేనుడి భక్తుడు. ఆయన తోడబుట్టిన చాంతిసిరి నాగార్జునకొండలో బుద్ధుడికి మహాచైత్యం కట్టించింది. అన్నయ్యో తమ్ముడో యజ్ఞగుండం ముందు, ఆడపడుచు స్తూపం ముందు. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు చేసుకున్నది మేనత్త హమ్మసిరి కూతుళ్ళని. మన మేనరికాలు అంత పాతవి! ఆ రాణులూ బౌద్ధానికే దానాలిచ్చారు. అదే లోయలో బోధిసిరి అనే ఉపాసిక, రాణి కాదు, మామూలు గృహస్థురాలు, సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి తన బంధువులందరి పేర్లూ రాతిమీదికెక్కించింది. ఇంట్లో ఒకరు ఒకటి, ఒకరు ఇంకొకటి నమ్ముకుంటే మహాభారతమేమీ జరగలేదు. అన్నాలు ఒకే వంటింట్లో వండుకున్నారు.

అలాంటి ఇళ్ళున్న సీమలో చేజర్ల గుడి మారింది. ఒక తరంలో భిక్షువులు తగ్గిపోయారు. ఇంకో తరంలో గోడకి సున్నం వేసేవారు లేరు. అయినా సాయంకాలం దీపం పెట్టే మనిషి ఉండి ఉంటుంది. ఆమె కోడలు పెట్టింది, ఆ కోడలి కూతురు పెట్టింది. ఏదో ఒకనాడు ఒక పూజారి వచ్చి మంత్రం మార్చాడు. దీపం మారలేదు. ప్రదక్షిణం మారలేదు. పావురం కథ మారలేదు. అత్తగారి పట్టుచీర కోడలు కట్టుకున్నట్టు, అంచు అదే, ఒళ్ళు మారింది. ఇది నా ఊహేనంటారా? ఊహే. కాని ఆ మిరపకోత ముసలమ్మ మాట విన్నాక నాకు ఇంతకంటె నమ్మదగ్గ కథ దొరకలేదు.

ఎవరి గుడి ఇది, బౌద్ధులదా శైవులదా అని ఇప్పుడు పట్టుదలకి పోవడంలో అర్థం లేదు. కట్టినవాళ్ళది ఎంతో, కాపాడినవాళ్ళదీ అంతే. శివుడు లేకపోతే ఆ ఇటుకలు ఏనాడో ఎవరి పశువులకొట్టంలోనో చేరేవి. పావురం కథ లేకపోతే అది ఏమిటో మనకి తెలిసేది కాదు. ఈనాడు "మాది, మాకిచ్చెయ్యండి" అనేవారూ, "ముందునుంచీ మాదే, ఇంకెవరికీ సంబంధం లేదు" అనేవారూ ఇద్దరూ ఒక్కసారి ఆ గుండ్రటి గోడచుట్టూ నడిచి రావాలి. తన శరీరం కోసి పక్షికి ఇచ్చినవాడి ఇంటిముందు నాదీ నీదీ అని తగువాడుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి?

మరుపు అందరికీ సహజం. రెండువేల ఏళ్ళు ఎవరికి గుర్తుంటుంది! కాని మరుపులో కూడా రకాలున్నాయి. అమరావతిలో మరిచిపోయి దీపాల దిన్నె అన్నారు. గుంటుపల్లిలో మరిచిపోయి ధర్మలింగేశ్వరుడన్నారు. చేజర్లలో మరిచిపోయి కపోతేశ్వరుడన్నారు. మా భట్టిప్రోలులో మాత్రం మరిచిపోయి తిట్టుపేరు పెట్టారు. మొదటి మూడింటిలో గౌరవం మిగిలింది. నాలుగోదానిలో మనం ఋణపడ్డాం, ఎవరికంటే నందపురం ఆడవాళ్ళకి.

ఆ ఋణం తీర్చడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఏమీ అక్కర్లేదు. ఊళ్ళ పేర్లూ దిబ్బల పేర్లూ కాగితాలమీద పుట్టవు, నోళ్ళలో పుడతాయి. బావి దగ్గరా కొళాయి దగ్గరా నలుగురు ఆడవాళ్ళు ఏ పేరు పలికితే ఆ పేరే నిలుస్తుంది. రేపల్లె బండిలో మీరెప్పుడైనా వెళుతూ, ఆ దిబ్బ ఏమిటని పిల్లలు అడిగితే, పాత పేరు చెప్పి నవ్వేసి ఊరుకోకండి. "అది నందపురం వాళ్ళ దిబ్బ నాన్నా. అక్కడ ఆడవాళ్ళంతా కలిసి బుద్ధుడికి ఒక స్ఫటికం ఇచ్చారు" అని చెప్పండి. పిల్లలు ఆ పేరే పట్టుకుంటారు.